అమ్మను హోటల్‌కు తీసుకుపోయిన రోజు

మాది నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే పాలమూరులో, ఉండేది. అచ్చంపేటకు దగ్గర, నల్లమల అంచుకు దగ్గర, దుందుభి వాగు పారే నేల. పత్తి, పల్లి, జొన్న, మక్క, ఆముదం పండుతాయి. మా ఊళ్లో ఇటాలియన్ హోటల్ లేదు. టీ కొట్లున్నాయి, పొద్దున పూరీ, దోసె వేసే హోటళ్లున్నాయి, సాయంత్రమైతే మిర్చి బజ్జీల బండి దగ్గర నలుగురు నిలబడతారు. ఈ పూట నేను మాట్లాడేది మాత్రం ఒక ఇటాలియన్ హోటల్ గురించి. అందులో మా ఊరు నాకు ఎట్లా కనబడిందో చెప్పాలని వచ్చాను.

ఉద్యోగరీత్యా నేను హైదరాబాద్‌లో ఉంటాను. మేముండే కాలనీలో, మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక చిన్న ఇటాలియన్ హోటల్ ఉంది. పది బల్లలకు మించి ఉండవు. వంటగదికీ కూర్చునే చోటుకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. పొయ్యి మీద ఏముందో, ఎవరు కలుపుతున్నారో కూర్చున్న చోటునుంచే కనబడుతుంది.

కంటి పరీక్ష కోసం మా అమ్మ అచ్చంపేట డిపో బస్సెక్కి పట్నం వచ్చింది. వంద కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. ఆసుపత్రి పని అయ్యాక సాయంత్రం అడిగాను, "ఇయ్యాల బయట తిందామా అమ్మా?" అని. ఆమె నా ముఖంలోకి చూసి, "ఎందుకు బిడ్డా, ఇంట్ల బియ్యం అయిపోయినయా?" అంది.

ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. మా అమ్మ తరానికి బయట తినడం అంటే ఇంట్లో ఏదో తక్కువైందని అర్థం. లేకపోతే ఎవరికో బాగాలేక ఆసుపత్రి దగ్గర ఉన్నారని అర్థం. నల్లమలలోని సలేశ్వరం జాతరకు పోయినా, ఉమామహేశ్వరం పోయినా సద్దిమూట వెంట ఉండేది. ఇక వలస పోయినవాళ్ల సంగతి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అన్న మాట వినబడేది. వాళ్లు నెలల తరబడి బయటనే తిన్నారు. మూడు రాళ్ల పొయ్యి, నెత్తిన ఆకాశం, పొద్దంతా మట్టి మోసిన చేతులతోనే మళ్లీ పిండి పిసకడం. బయట భోజనాన్ని సరదా అనుకోవడానికి మా వాళ్లకు చాలా కాలం వీలు చిక్కలేదు.

ఇంతకుముందు ఒకసారి ఆమెను నగరంలో ఇంకో పెద్ద హోటల్‌కు తీసుకుపోయాను. పేరు అనవసరం. వడ్డించే అబ్బాయి మా ఇద్దరితోనూ ఇంగ్లీషులోనే మాట్లాడాడు. అమ్మ వైపు తిరిగి ఒక్క మాట అడగలేదు, అన్నీ నన్నే అడిగాడు. ఆమె చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకుంది. ఆ తప్పులో సగం నాది. నేనూ ఆమెను అడగలేదు.

అందుకని ఈసారి కాలనీలోని ఈ చిన్న హోటల్‌లో కూర్చోగానే మెనూ తీసి ఒక్కొక్క పేరూ గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అది ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంది. పాస్తా, పిజ్జా, రిసోట్టో, లజాన్యా, స్పగెట్టి, పొలెంటా, న్యోక్కి. నాలుగు పేర్లు చదివేసరికి అమ్మ నవ్వింది. "నోరు తిరుగుతనే ఉన్నది గద," అంది.

ఎందుకు తిరగదు? ఆ పేర్లన్నీ అచ్చుతో ముగుస్తాయి. మన భాషా అజంత భాషే. పదిహేనో శతాబ్దం మొదట్లో విజయనగరం దాకా వచ్చిన వెనిస్ వర్తకుడు నికోలో కాంటి పేరు మీద మనవాళ్లు ఒక మాట చెప్పుకుంటారు, తెలుగు తూర్పు దేశాల ఇటాలియన్ అని. ఆ మాట మొదట ఎవరిదైనా, అచ్చుతో ముగిసే రెండు భాషల వినికిడి మాత్రం దగ్గరిదే. ఇంకో పోలికా ఉంది. హల్లును ఒత్తి పలికితే ఒక అర్థం, తేలిగ్గా పలికితే ఇంకో అర్థం. కల వేరు, కల్ల వేరు. వాళ్లకు నోన్న అంటే అవ్వ, నోన అంటే తొమ్మిదవది. ద్విత్వాక్షరం మనకు ఉగ్గుపాలతో వచ్చింది కనుక ఆ పేర్లు మా అమ్మ నోట ఇంగ్లీషు చదువుకున్న నా నోట కంటే శుభ్రంగా పలికాయి.

ఒక్క పేరు దగ్గర ఆగింది. "పాస్తానా? పస్తా?" అని అడిగింది. అక్షరం ఒక్కటి పొడుగైతే అన్నం, పొట్టిదైతే ఆకలి. పస్తులున్న రోజులు ఆమెకు కథలు కావు. వాన లేని ఏడు, జొన్న గింజలు లెక్కపెట్టి వండిన పూటలు ఆమె చూసింది. "పాస్తా అమ్మా, గోధుమ రవ్వతోటి చేస్తరు, మన సేమియా అసోంటిది," అన్నాను. సేమియా అనగానే దారి దొరికింది. మా ఊరి కిరాణా కొట్లో దొరికే సేమియా పొట్లం మీద బాంబినో అని ఉంటుంది. అది హైదరాబాద్ కంపెనీ. ఆ పేరు మాత్రం ఇటాలియన్ మాట, పసిపిల్లవాడని అర్థం. రంజాన్‌కు పక్కింటి నుంచి వచ్చే పాయసంలో, మా ఇంట్లో పొద్దున చేసే ఉప్మాలో, ఒక ఇటాలియన్ మాట ఎన్నేళ్లుగానో మాతో కలిసి ఉంది. మాకు తెలియలేదంతే.

పొలెంటా తెప్పించాను. వెడల్పాటి పళ్లెంలో పసుపుపచ్చని ముద్ద, పైన వెన్న, తురిమిన చీజ్, పక్కన పుట్టగొడుగుల కూర. అమ్మ చెంచా ముట్టలేదు. వేలితో అంచున కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసి తెరిచింది.

"ఇది మక్క గటక బిడ్డా."

అవును, మక్క గటకే. జొన్నలనో మక్కలనో ఇసుర్రాయిలో రవ్వగా విసిరి, ఎసరు మరిగాక కొంచెం కొంచెంగా పోస్తూ తెడ్డుతో కలిపితే గటక. ఉత్తర ఇటలీ ఇళ్లలో రాగి బాణలిలో నీళ్లు మరిగించి, మక్క రవ్వ పోసి, కట్టె గరిటెతో ముప్పావు గంట దాకా తిప్పితే పొలెంటా. దాన్ని చెక్కపీట మీద బోర్లించి దారంతో ముక్కలు కోస్తారు. మిగిలింది తెల్లారి వేయించుకుంటారు. మాకు మిగిలితే తెల్లారి సల్ల పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగుతాం. రెండూ కూలికి పోయేవాళ్ల తిండే. ఒక ముద్ద కడుపులో పడితే మధ్యాహ్నం దాకా నిలబెట్టాలి, అంతే దాని పని.

పేరు సంగతి ఇంకా ఆశ్చర్యం. మొక్కజొన్న అమెరికా ఖండం పంట. 1492లో కొలంబస్ అటు పోయాకే మిగతా ప్రపంచానికి దాని మొహం తెలిసింది. కొత్త గింజ చేతికొచ్చినప్పుడు మనవాళ్లు దానికి పాత గింజ పేరు తగిలించారు, మొక్కజొన్న అని. ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతపు రైతులూ అదే పని చేశారు. వాళ్లు మొక్కజొన్నను మెలిగా అంటారు. అంతకుముందు అది జొన్న పేరు. ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు దేశాల రైతులు, కొత్త గింజను అరచేతిలో పోసుకుని చూసి, ఇది మన జొన్న లాంటిదే అనుకున్నారు.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. చెప్పకుండా పొలెంటాను పొగిడితే అది సగం నిజమే అవుతుంది. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో ఉత్తర ఇటలీ పేద రైతులకు పొలెంటా తప్ప ఇంకేమీ దొరకని కాలం నడిచింది. పొద్దునా రాత్రీ అదే. వాళ్ల చేతుల మీద, మెడ మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగిలేది. విరేచనాలు, ఆ తర్వాత మతిస్థిమితం తప్పడం, చివరికి చావు. మిలాన్ వైద్యుడు ఫ్రాన్చెస్కో ఫ్రాపోల్లి 1771లో ఆ జబ్బును పెల్లాగ్రా అన్న పేరుతో గ్రంథానికెక్కించాడు. గరుకు చర్మం అని ఆ మాటకు అర్థం. కారణం చాలా కాలానికి గానీ తేలలేదు. మక్కలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా అది ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. మెక్సికో వైపు ఆదివాసులు మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి వాడుకునేవారు, అందువల్ల వాళ్లను ఆ జబ్బు తాకలేదు. యూరప్‌కు గింజ వచ్చింది గానీ ఆ సున్నపు నీళ్ల తెలివి వెంట రాలేదు.

ఆ జబ్బు మన దక్కన్‌లోనూ ఉంది. మక్క తినేవాళ్లలో కాదు, జొన్న తినేవాళ్లలో. దాన్ని పట్టుకున్నది హైదరాబాద్ తార్నాకలోని పోషకాహార పరిశోధనాలయం. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య కలిసి 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ పెల్లాగ్రాకూ సంబంధం ఉందని వాళ్ల వాదం. మిలాన్ వైద్యుడు గ్రంథానికెక్కించిన జబ్బుకు తార్నాకలో కారణం వెతికారు. మధ్యలో దాదాపు 190 ఏళ్లు. అక్కడా ఇక్కడా జబ్బు పడినవాళ్లు మాత్రం ఒకే రకం మనుషులు, గటక పక్కన ఇంకేదీ లేనివాళ్లు.

తప్పు గటకది కాదని నేను గట్టిగా చెబుతాను. గటక పక్కన పప్పు, పుంటికూర, సల్ల, పల్లి తొక్కు ఉన్న ఇంటికి ఆ జబ్బు రాలేదు. పొలెంటా పక్కన పాలు, మాంసం, కూరగాయలు ఉన్న ఇంటికీ రాలేదు. ఇవాళ హోటల్‌లో అదే పొలెంటా మీద చీజ్ తురిమి, పుట్టగొడుగులు వేసి పెడుతున్నారంటే, ఒకనాడు ఆ ముద్ద పక్కన లేనివన్నీ ఇప్పుడు వచ్చి చేరాయన్నమాట. గటకకు కూడా ఆ మర్యాద దక్కాలి. మా దగ్గర జరిగింది వేరు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదింట్లో తెల్లన్నం ఉడికింది, అది ఎంత పెద్ద మేలో ఆకలి చూసినవాళ్లకు తెలుసు. దాంతోపాటే జొన్నకు పేదరికం ముద్ర పడి, చాలా ఇళ్లలో గటక కుండ అటక ఎక్కింది. ఇప్పుడు షుగర్ వచ్చినవాళ్ల కోసం పట్నంలో సాయంత్రం పూట జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. రొట్టె తిరిగి వచ్చింది. గటక ఇంకా రాలేదు.

మా మాటలు వంటగదిలోకి వినబడ్డాయో ఏమో, గరిటె పట్టుకున్న కుర్రవాడు చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"ఉప్పునుంతల, బిడ్డా."

"మాది దేవరకొండ దిక్కు తండా అమ్మా. డిండి దాటితె మీ దిక్కే గద!"

అమ్మ ముఖం విచ్చుకుంది. "గడ్డలు కట్టకుంట మంచిగ కలిపినవు. మీ అమ్మ నేర్పిందా?"

"గటక మా అమ్మ నేర్పింది. ఇది ఈడ నేర్చుకున్న. చెయ్యి తిరిగేది ఒక్కతీరుగనే తిరుగుతది."

నేను ఎన్నో నెలలుగా ఆ హోటల్‌లో తింటున్నాను. ఆ కుర్రవాడిది మా పక్క నేలేనని నాకు తెలియదు. మా అమ్మ పది నిమిషాల్లో తెలుసుకుంది. పక్క బల్ల మీద పిల్లలు తింటున్న న్యోక్కి చూసి "గవ్వలా అవి?" అని అడిగింది. ఆ కుర్రవాడు లోపలికి పోయి పిండి ముద్ద ఒకటి, గీతలున్న చిన్న చెక్క ఒకటి తెచ్చాడు. ఆలుగడ్డ, మైదా కలిపిన పిండి. చిన్న ఉండను గీతల చెక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కి ముందుకు జార్చాడు. వెనక గీతలు, లోపల గుంట. అమ్మ అందుకుని తానొకటి చేసింది. సంక్రాంతికి ముందు కొత్త దువ్వెన మీద పిండి నొక్కి వందల గవ్వలు చేసిన వేలు అది. అతను చేసినదీ ఆమె చేసినదీ పక్కపక్కన పెడితే నేను పోల్చుకోలేకపోయాను. మా గవ్వ గీతల్లో బెల్లం పాకం నిలుస్తుంది, వాళ్ల గవ్వ గీతల్లో టమాటా సాసు నిలుస్తుంది. గుంట వల్ల నడుమ పలచబడి, లోపలా వెలుపలా సమంగా ఉడుకుతుంది. ఈ తెలివి ఏ పుస్తకంలోంచీ రాలేదు, బొటనవేలికి వచ్చింది. దక్షిణ ఇటలీలోని బారి పట్టణంలో పాత బస్తీ సందుల్లో ఆడవాళ్లు ఇంటి ముందు బల్లలు వేసుకుని చిన్న చెవుల ఆకారంలో పాస్తా నొక్కి, ఎండబెట్టి అమ్ముతారు. ఒరెక్కియెట్టె అంటారు దాన్ని, చిన్న చెవులనే అర్థం. మంచం మీద చీర పరిచి వడియాలు పెట్టే మా వాడకట్టు గుర్తుకు రాకుండా ఉంటుందా?

తినేటప్పుడు అమ్మకు ఇంకో సందేహం వచ్చింది. చేత్తో తినొచ్చా? గొంతు తగ్గించి అడిగింది. ఆ తగ్గిన గొంతు నన్ను బాధపెట్టింది. డెబ్బై ఏళ్లు చేత్తో తిన్న మనిషి, తన చేయి తప్పేమో అనుకోవలసి రావడం ఏమిటి? పందొమ్మిదో శతాబ్దపు నేపుల్స్ వీధుల్లో మాకరోనీ అమ్మేవాళ్ల దగ్గర పేదలు నిలబడి, తల పైకెత్తి, చేత్తోనే నోట్లోకి వదులుకునేవారు. ఆనాటి బొమ్మలు, ఫొటోలు ఉన్నాయి. పిజ్జా కూడా ఆ నేపుల్స్ కూలీల వీధి తిండే, చేత్తో మడిచి తినేదే. ఆ సంగతి చెప్పాను. అమ్మ నిమ్మళంగా ముద్ద చేసుకుంది.

కారం చాలలేదంది. ఆ కుర్రవాడు ఎండుమిర్చి ఊరిన నూనె తెచ్చి పెట్టాడు. ఇటలీ అడుగున ఉన్న కలాబ్రియా వాళ్లు కారానికి పేరుపడ్డవాళ్లు. మిరప కూడా మక్కలాగే, టమాటాలాగే అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చిందే. టమాటా లేని ఇటాలియన్ వంటను, మిరప లేని మా పాలమూరు తొక్కును ఇవాళ ఊహించలేం గానీ, కొలంబస్ ప్రయాణానికి ముందు రెండు చోట్లా ఆ రెండూ లేవు. పరాయి తిండి అనే మాటను నేను ఈ మధ్య చాలా జాగ్రత్తగా వాడుతున్నాను.

పరాయి హోటల్ అనే మాట కూడా అంతే. ఇటలీలో వాడకట్టు భోజనశాలను ఒస్తేరియా అంటారు. ఇంటాయన, ఆతిథ్యం ఇచ్చేవాడు అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. కుటుంబం నడుపుతుంది, ఆ రోజు ఏం వండారో అదే పెడతారు. మనకు దానికి సరిగ్గా సరిపోయే మాట ఉంది, పూటకూళ్ల ఇల్లు. కాకతీయుల ఓరుగల్లును కళ్లకు కట్టే క్రీడాభిరామంలో మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా నగరం తిరుగుతారు. అందులో ఒక పూటకూటి ఇంటి భోజనం వర్ణన ఉంది. ఒక్క రూకకు మంచి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, నెయ్యి, పప్పు, అరటిపండ్లు, పెరుగు. ఆరు వందల ఏళ్లకు ముందే మన నగరంలో డబ్బిచ్చి భోజనం చేసే ఇల్లు ఉంది, దాని వంటలను కవి పద్యానికెక్కించాడు. బయట భోజనం మనకు కొత్తగా నేర్పవలసిన అలవాటు కాదు.

కానీ ఆ ఇంట్లో ఎవరు కూర్చోగలిగారన్నది వేరే ప్రశ్న. పూటకూళ్ల ఇళ్లలో కులం చూసి విస్తరి వేసిన కాలం ఎంతో నడిచింది. నిన్నమొన్నటిదాకా తెలుగు పల్లెల టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. ఒకరికి లోపల బల్ల, ఒకరికి బయట చూరు కింద వేరే గ్లాసు, అదీ తామే కడిగి పెట్టిపోవాలి. దళిత సంఘాలు పోరాడి దాన్ని చాలా చోట్ల తొలగించాయి. హోటల్ అంటే ముందు ఎవరైనా కూర్చోగల బల్ల. రుచి సంగతి ఆ తర్వాత.

మరి ఆడవాళ్లు? మా ఊళ్లోనే చూడండి. పొద్దున హోటల్ బెంచీల మీద మగవాళ్లు కూర్చుని పూరీ తింటారు, పేపరు చదువుతారు, గంట గడుపుతారు. ఆడమనిషి వస్తే గడప దగ్గర నిలబడి పార్సిల్ కట్టించుకుని పోతుంది. రావద్దని ఎవరూ అనరు. కూర్చోమని కూడా ఎవరూ అనరు. పత్తి ఏరడానికి పోయే తల్లి ఆటో ఆపి నాలుగు బజ్జీలు కట్టించుకుని, ఆటోలోనే తింటుంది. ఆ బెంచీ మీద ఆమెకు చోటు లేదని ఎక్కడా రాసిలేదు. అయినా ఆమె కూర్చోదు.

అందుకే ఆ సాయంత్రం జరిగిన ఒక చిన్న సంగతి చెప్పాలి. పళ్లేలు వచ్చినప్పుడు మొదటిది అమ్మ ముందు పెట్టారు. ఆమె దాన్ని నా వైపు జరిపింది. అలవాటు. అరవై ఏళ్లుగా ఆమె పళ్లెం చివరిది. మేమంతా తిన్నాక, కుండ అడుగున ఉన్నదాన్ని గీకి పెట్టుకున్నదే ఆమె భోజనం. ఆ కుర్రవాడు వచ్చి పళ్లేన్ని మళ్లీ ఆమె ముందుకు జరిపి, "ముంగట మీరే తినాలె అమ్మా, వేడిగున్నప్పుడు," అన్నాడు. ఆమె ఒక క్షణం అట్లాగే కూర్చుంది. తర్వాత తినడం మొదలుపెట్టింది. నేను చూస్తూ ఉండిపోయాను. నా ఎరుకలో మా అమ్మ నాకంటే ముందు తినడం అదే మొదటిసారి.

తిన్నాక పళ్లేలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి లేవబోయింది, కడిగి పెట్టడానికి. కూర్చోమన్నాను. "మరి ఎవలు కడుగుతరు?" అంది. కడిగే ఆమెను పిలిచి చూపించారు. ఆమెను కూడా అమ్మ ఊరు అడిగింది, తిన్నావా అని అడిగింది. హోటల్‌లో గిన్నెలు తోమే మనిషిని తిన్నావా అని అడగాలని నాకు అన్నేళ్లలో ఒక్కసారి తోచలేదు.

బిల్లు చూసి బాధపడింది. ఆ పొలెంటా ఒక్క పళ్లెం ధర, మా ఊళ్లో రోజంతా ఒంగి పత్తి ఏరే కూలి కంటే ఎక్కువ. ఆ లెక్క ఆమె వెంటనే వేసింది, నేను కాదనలేదు. ఆ లెక్క మరిచిపోయి తినేవాళ్లలో నేను ఒకణ్ణి కాకూడదనే నా కోరిక. ఇటలీలో కూడా తిండి ఎవరిది, ఎంతకు, ఎవరు పండించారు అనే ప్రశ్న లేచింది. 1986లో రోమ్‌లో స్పానిష్ మెట్ల దగ్గర ఒక అమెరికన్ ఫాస్ట్‌ఫుడ్ దుకాణం రావడాన్ని వ్యతిరేకిస్తూ లేచిన నిరసనలోంచి కార్లో పెత్రీని స్లో ఫుడ్ ఉద్యమాన్ని నిర్మించాడు. మన దగ్గర జహీరాబాద్ పక్కన ఒక ఊరుంది, పేరు పస్తాపూర్. ఆ ఊరు కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత రైతు మహిళలు జొన్న, కొర్ర, సామ విత్తనాలను ఇళ్లలో కాపాడుకుంటూ వచ్చారు. ఆ పనికి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి అందింది. 2008లో మాచ్‌నూర్‌లో సొంతంగా సంగం రేడియో పెట్టుకున్నదీ వాళ్లే. పరాయి దేశపు ఉద్యమాలకు చప్పట్లు కొట్టేముందు ఆ తల్లుల పేరు మనం తలుచుకోవాలి.

హోటల్ నడిపేవాళ్లకు నాదొక మనవి. మెనూను తెలుగులో కూడా అచ్చు వేయించండి. పొలెంటా అని తెలుగులో రాసి, పక్కన మక్క గటక అని ఒక్క మాట చేర్చండి. మన అక్షరాలకు ఆ పేర్లు బరువు కావు. ఉప్పునుంతల, అచ్చంపేట, కల్వకుర్తి, శ్రీశైలం రోడ్డు పొడుగునా హోటళ్లు పెట్టుకున్న మన వాళ్లకు ఇంకో మనవి. వారానికి ఒక్క పూట గటక వండండి, సల్ల, ఉల్లిగడ్డ, పల్లి తొక్కు పెట్టి వడ్డించండి. బెంచీ మీద ఆడవాళ్లకు చోటు చూపించి, కూర్చోమ్మా అని నోరారా అనండి.

వినేవాళ్లకు చెప్పేది ఇంతే. ఈ ఆదివారం ఒక్క పూట ఇంట్లో పొయ్యి వెలిగించకండి. మీ అమ్మను మీ వీధి చివరి హోటల్‌కు తీసుకుపోండి. ఏం తింటావని ఆమెనే అడగండి. మొదటి పళ్లెం ఆమె ముందు పెట్టించండి, ఆమె మీ వైపు జరిపితే తిరిగి జరపండి.